ముందు ఫోన్, తర్వాతే రూటర్: ఇంట్లో, స్కూల్లో, ఆఫీసులో వెబ్ ఫిల్టర్ పెట్టుకునే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి తల్లిదండ్రులు, స్కూలు కరస్పాండెంట్లు, షాపుల ఓనర్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: "చెత్త సైట్లు రాకుండా రూటర్‌లో ఏం పెట్టాలి?" అడగడం సరైనదే. కానీ రూటర్ దగ్గర మొదలుపెడితే మన దగ్గర సగం పని కూడా అవదు.

మన ఇళ్లలో చాలామంది పిల్లలు నెట్ చూసేది అమ్మ ఫోన్‌లో, లేదా నాన్న హాట్‌స్పాట్ మీద. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా వైఫై ఆపేస్తే చాలు, సిమ్‌లో డేటా సిద్ధంగా ఉంటుంది. రూటర్‌లో పెట్టిన ఫిల్టర్ ఆ డేటాను తాకనే తాకదు. అందుకే ఇక్కడ వరుస మార్చాను: ముందు ఫోన్, తర్వాత రూటర్, ఆ తర్వాతే ల్యాబు, ఆఫీసు.

## 1. సెట్టింగ్స్ తెరిచే ముందు తేల్చుకోవాల్సినవి

ఒక కాగితం తీసుకుని నెట్ వాడే ప్రతి ఒక్కరి పేరు, వాళ్ల చేతికొచ్చే ప్రతి ఫోను, ల్యాప్‌టాప్, టీవీ రాయండి. స్మార్ట్ టీవీని చాలామంది మరిచిపోతారు. అందులోనూ బ్రౌజర్ ఉంటుంది, యూట్యూబ్ ఉంటుంది.

ప్రతి పేరు పక్కన కింది మూడింటిలో ఏది సరిపోతుందో రాయండి.

- అనుమతించినవే తెరుచుకోవాలి: పదేళ్ల లోపు పిల్లలు, పరీక్షలు జరిగే ల్యాబు, బ్యాంకు పనికే పెట్టిన ఆఫీసు కంప్యూటరు.
- కొన్ని రకాలు మాత్రం ఆగాలి: హైస్కూలు, ఇంటర్ పిల్లలు.
- వైరస్, మోసపు సైట్లు ఆగితే చాలు: పెద్దవాళ్లు, టీచర్లు, ఆఫీసు సిబ్బంది.

ఇంటర్ చదివే అబ్బాయికి మొదటి పద్ధతి పెడితే రెండు రోజుల్లో స్నేహితుడి ఫోన్ నుంచి హాట్‌స్పాట్ తీసుకుంటాడు. ఒకటో తరగతి పాపకు రెండో పద్ధతి సరిపోదు. ఈ తేడా చూడకుండా ఇంటిల్లిపాదికీ ఒకే తాళం వేస్తే ముందు విసుక్కునేది పెద్దవాళ్లే, ఆ తాళం తీసేసేదీ వాళ్లే.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి:

- ☐ రూటర్ అడుగున అంటించిన స్టిక్కర్ ఫొటో
- ☐ తల్లి లేదా తండ్రి జీమెయిల్, దాని పాస్‌వర్డ్
- ☐ పాత సెట్టింగ్స్ ఫొటోలు, ప్రతి పేజీకి ఒకటి
- ☐ కొత్త పాస్‌వర్డ్‌లు రాసుకోవడానికి పిల్లలకు అందని ఒక డైరీ
- ☐ ఎవరూ అర్జెంటు పనిలో లేని ఒక గంట

పిల్లలకు ముందే చెప్పండి. రహస్యంగా పెట్టిన ఫిల్టర్ బయటపడిన రోజున వాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు, ఆ నష్టం ఏ సైటు చూసినదానికన్నా ఎక్కువ. "ఫోన్‌లో కొన్ని సైట్లు ఆపుతున్నాం నాన్నా. చదువుకు కావాల్సింది ఏదైనా ఆగితే చెప్పు, తీసేస్తాను. పొరపాటున ఏదైనా కనబడినా చెప్పు, తిట్టను." ఇంత చాలు. ఆ చివరి మాట మీద మాత్రం నిలబడాలి.

## 2. డీఎన్ఎస్ ఎంచుకోవడం

ఫోన్‌లో సైటు పేరు కొట్టగానే ఆ పేరుకు తగిన నంబరు చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. చెడ్డ సైటు పేరు అడిగినప్పుడు నంబరు చెప్పని డీఎన్ఎస్‌ను పెట్టుకుంటే ఆ సైటు తెరుచుకోదు. ఇళ్లకు, చిన్న స్కూళ్లకు దీనికన్నా తేలికైన ఫిల్టర్ లేదు, డబ్బూ అక్కర్లేదు.

ఉచితంగా దొరికేవాటిలో నమ్మకంగా వాడదగినవి:

- క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీస్: 1.1.1.3, 1.0.0.3. అశ్లీల సైట్లు, వైరస్ సైట్లు ఆపుతుంది. వైరస్ సైట్లు మాత్రమే ఆగితే చాలనుకుంటే 1.1.1.2, 1.0.0.2.
- క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ: 185.228.168.168, 185.228.169.168. వీటితో పాటు ఫిల్టర్ దాటించే ప్రాక్సీ, వీపీఎన్ సైట్లను, రెడిట్ లాంటి మంచీ చెడూ కలిసి ఉండే సైట్లను కూడా ఆపుతుంది. గూగుల్, బింగ్, యూట్యూబ్‌లను సేఫ్ మోడ్‌లో పెడుతుంది.
- ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్: 208.67.222.123, 208.67.220.123.
- ఆడ్‌గార్డ్ ఫ్యామిలీ: 94.140.14.15, 94.140.15.16. ప్రకటనలు కూడా తగ్గుతాయి.

చిన్న పిల్లలున్న ఇంటికి, స్కూలు ల్యాబుకు నేను క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ చెబుతాను. పెద్దపిల్లలున్న ఇంటికి క్లౌడ్‌ఫ్లేర్ చాలు.

ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. "ఫ్యామిలీ" అని పేరున్నంత మాత్రాన బెట్టింగ్ సైట్లు ఆగుతాయని అనుకోవద్దు. 1.1.1.3 చూసేది అశ్లీలం, వైరస్ మాత్రమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఇలాంటి సైట్లు పేర్లు మార్చుకుని మళ్లీ వస్తాయి. క్రికెట్ సీజన్‌లో మన ఊళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఇంట్లో డిగ్రీ చదివే అబ్బాయి ఉంటే అశ్లీలం కన్నా ముందు దీని గురించే ఆలోచించాలని నా అభిప్రాయం.

బెట్టింగ్ ఆగాలంటే రకాలవారీగా ఎంచుకునే సేవ కావాలి. నెక్స్ట్‌డీఎన్ఎస్‌లో అకౌంటు తెరిస్తే గ్యాంబ్లింగ్, అశ్లీలం, డేటింగ్, పైరసీ, సోషల్ మీడియా అని విడివిడిగా టిక్కు పెట్టుకోవచ్చు. ఫోన్ ఒక సైటు పేరు అడిగిన ప్రతిసారీ ఒకటిగా లెక్కేస్తే, నెలకు 3,00,000 వరకు ఉచితం. అది దాటితే నెట్ నడుస్తుంది కానీ ఫిల్టర్ ఆగిపోతుంది. ఇంటి మొత్తానికి వాడితే నెలాఖరుకు ఆ లెక్క ఎక్కడుందో చూసుకోవాలి.

ఓపెన్‌డీఎన్ఎస్ హోమ్ అకౌంటులోనూ ఇలాంటి ఎంపికలున్నాయి. కానీ అది మీ ఇంటిని మీ ఐపీ అడ్రసుతో, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరుతో గుర్తుపడుతుంది. చాలా ప్రొవైడర్లు ఒకే అడ్రసును అనేక ఇళ్లకు పంచుతాయి కాబట్టి మీ సెట్టింగ్ మీకే సరిగ్గా పనిచేయకపోవచ్చు. అందుకే రకాలవారీగా కావాలంటే నెక్స్ట్‌డీఎన్ఎస్ వైపే వెళ్లండి. అది మీ అకౌంటుకు ఇచ్చే ప్రత్యేక పేరుతో గుర్తుపడుతుంది.

## 3. ఆండ్రాయిడ్ ఫోన్: అసలు పని ఇక్కడే

మొదటి అడుగు, ప్రైవేట్ డీఎన్ఎస్. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లన్నింటిలో ఇది ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కోచోట దాచింది కాబట్టి వెతుక్కోవద్దు. సెట్టింగ్స్ తెరిచి పైన సెర్చ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని కొట్టండి.

మూడు ఎంపికలు కనబడతాయి: ఆఫ్, ఆటోమేటిక్, ప్రొవైడర్ పేరు. మూడోది నొక్కి సర్వర్ పేరు రాయాలి. ఇక్కడ 1.1.1.3 లాంటి నంబర్లు తీసుకోదు, పేరే కావాలి. క్లౌడ్‌ఫ్లేర్‌కైతే వరుసగా: ఫ్యామిలీ, చుక్క, క్లౌడ్‌ఫ్లేర్, అడ్డగీత, డీఎన్ఎస్, చుక్క, కామ్. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. నెక్స్ట్‌డీఎన్ఎస్ వాడితే మీ అకౌంటు పేజీలో చూపించే పేరును కాపీ చేసి అతికించండి.

సేవ్ కొట్టగానే ఆ ఫోన్ ఏ నెట్ మీద ఉన్నా, సిమ్ డేటా అయినా, పక్కింటి వైఫై అయినా, ఫిల్టర్ వెంటే వెళ్తుంది. రూటర్ చేయలేని పని ఇదే. అయితే ఆ ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే అవతలి ఫోన్‌కు ఈ రక్షణ అందుతుందని నమ్మొద్దు. దానిలోనూ విడిగా పెట్టాలి.

రెండో అడుగు, ఫ్యామిలీ లింక్. సెట్టింగ్స్ తెలిసిన పిల్లాడు ప్రైవేట్ డీఎన్ఎస్‌ను అరనిమిషంలో ఆఫ్ చేయగలడు. అందుకే పిల్లలకు సొంత ఫోన్ ఉంటే, దాన్ని మీ ఫోన్ నుంచి అదుపు చేసే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ కూడా కావాలి. వరుస ఇది:

1. మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ యాప్ వేసి మీ జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి.
2. పిల్లల పేరుతో, అసలు పుట్టిన తేదీతో అకౌంటు తెరవండి. వయసు పెంచి రాస్తే పిల్లలకు వర్తించాల్సిన రక్షణలు పోతాయి.
3. పిల్లల ఫోన్‌లో ఇప్పటికే ఉన్న పెద్దవాళ్ల జీమెయిల్ తీసేయండి. అది మిగిలితే మిగతా పనంతా వృథా.
4. ఆ ఫోన్‌లో పిల్లల అకౌంటుతో లాగిన్ చేయండి.
5. క్రోమ్ ఎంపికల్లో చిన్నవాళ్లకు "అనుమతించిన సైట్లే", పెద్దపిల్లలకు "అశ్లీల సైట్లను ఆపడానికి ప్రయత్నించు" అన్నది పెట్టండి.
6. ప్లే స్టోర్‌లో ప్రతి కొత్త యాప్‌కు మీ అనుమతి తప్పనిసరి చేయండి. వీపీఎన్ యాప్‌లు ఇక్కడే ఆగుతాయి.
7. క్రోమ్ తప్ప మిగతా బ్రౌజర్లన్నీ బ్లాక్ చేయండి. ఫ్యామిలీ లింక్ సైటు ఫిల్టర్ క్రోమ్‌కే వర్తిస్తుంది. ఫోన్ కంపెనీ ఇచ్చే బ్రౌజర్‌ను వదిలేస్తే తలుపు తెరిచి ఉన్నట్టే.

మూడో అడుగు, సేఫ్‌సెర్చ్, యూట్యూబ్. అశ్లీల సైటు ఆగినా గూగుల్ బొమ్మల వెతుకులాటలో అవే బొమ్మలు కనబడొచ్చు. ఆ బొమ్మలు చూపించేది గూగులే కాబట్టి డీఎన్ఎస్‌కు తేడా తెలియదు. గూగుల్ సెట్టింగ్స్‌లో సేఫ్‌సెర్చ్‌ను ఫిల్టర్ అన్న ఎంపికలో పెట్టండి. చిన్న పిల్లలకు యూట్యూబ్ కిడ్స్, కాస్త పెద్దవాళ్లకు రెస్ట్రిక్టెడ్ మోడ్.

ఐఫోన్ అయితే పని తక్కువ. సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్, అందులో కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్, అక్కడ వెబ్ కంటెంట్‌లో లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్. స్క్రీన్ టైమ్‌కు పెట్టే కోడ్ ఫోన్ తెరిచే కోడ్ ఒకటే కాకూడదు.

## 4. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నప్పుడు

పెద్ద నగరాల కోసం రాసిన గైడ్లలో ఈ మాట ఉండదు. మన దగ్గర నాన్న పనికి వెళ్లొచ్చాక అదే ఫోన్‌లో పిల్లాడు హోంవర్క్ చూసుకుంటాడు. దాన్ని పిల్లల అకౌంటు కిందకు తేలేం, అందులో నాన్న ఫోన్‌పే ఉంది, బ్యాంకు ఉంది.

ఇలాంటి ఫోన్‌లో చేయదగినవి:

- ☐ ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టండి. పెద్దవాళ్లకూ దీంతో లాభమే, మెసేజ్‌లలో వచ్చే నకిలీ లింకుల్లో కొన్నింటిని ఇది ఆపుతుంది. యూపీఐకి అడ్డు రాదు.
- ☐ ఫోన్‌లో సెకండ్ స్పేస్, లేదా ఇంకో యూజర్ ఎంపిక ఉంటే పిల్లలకు విడిగా తెరవండి. కొన్ని ఫోన్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు.
- ☐ లేకపోతే యాప్ పిన్నింగ్ ఆన్ చేయండి. బయటికి రావడానికి ఫోన్ తెరిచే కోడ్ అడిగే ఎంపికనూ ఆన్ చేసి, పాఠం యాప్‌ను పిన్ చేసి ఇస్తే ఆ కోడ్ లేకుండా అందులోంచి బయటికి రాలేరు.
- ☐ గ్యాలరీ, వాట్సాప్, టెలిగ్రామ్, పేమెంట్ యాప్‌లకు లాక్ వేయండి.

ఫిల్టర్ యాప్‌లలో కొన్ని ఫోన్ లోపలే వీపీఎన్ లాగా పనిచేస్తాయి. వాటిని వేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పేమెంట్లు చేసే ఫోన్‌లో అలాంటివి వద్దు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో, వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో వచ్చేదాన్ని ఈ గైడ్‌లో చెప్పిన ఏ ఫిల్టరూ చూడలేదు. యాప్‌ను అనుమతించామంటే లోపల వచ్చేదాన్నీ అనుమతించినట్టే. అక్కడ పనిచేసేవి రెండే: ఆ వయసుకు ఆ యాప్ అక్కర్లేదని తేల్చడం, లేదా టైము పెట్టడం.

## 5. ఇంటి రూటర్

ఫోన్ల పని అయ్యాక రూటర్. టీవీ, ల్యాప్‌టాప్, చుట్టాల పిల్లల ఫోన్లు దీని కిందకు వస్తాయి.

1. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. రాకపోతే 192.168.0.1. జియో ఫైబర్‌కు 192.168.29.1.
2. లాగిన్ అయ్యాక ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఆ స్టిక్కర్ చదవగలిగిన ఎవరైనా మీ ఫిల్టర్ తీసేస్తారు.
3. లాన్ లేదా డీహెచ్‌సీపీ పేజీలో ప్రైమరీ, సెకండరీ డీఎన్ఎస్ గడులు వెతకండి.
4. రెండు గడుల్లోనూ ఫిల్టర్ నంబర్లే రాయండి. మొదటి దాంట్లో 1.1.1.3, రెండో దాంట్లో "బ్యాకప్‌కు ఉంటుందిలే" అని ఫిల్టర్ లేని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టడం అందరూ చేసే తప్పు. ఫోన్ తనకు తోచినప్పుడు రెండో దాన్ని అడుగుతుంది, అప్పుడు అన్నీ తెరుచుకుంటాయి.
5. ఐపీవీ6 (కొత్తరకం పొడవాటి ఐపీ అడ్రసులు) పేజీ కూడా చూడండి. అక్కడ పాత డీఎన్ఎస్ మిగిలితే ఫోన్లు దాన్నే వాడొచ్చు. క్లౌడ్‌ఫ్లేర్‌కు 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 రాయాలి.
6. సేవ్ చేసి రూటర్ ఆపి మళ్లీ వేయండి. అన్ని ఫోన్లలో వైఫై ఒకసారి ఆపి పెట్టండి.

ప్రొవైడర్ ఇచ్చిన బాక్సుల్లో కొన్ని డీఎన్ఎస్ గడిని చూపించవు, చూపించినా మార్చనివ్వవు. కేబుల్ ఆపరేటర్‌ను ఒకసారి అడగండి. కుదరదంటే సొంత రూటర్ ఒకటి కొని ఆ బాక్సు లాన్ పోర్టుకు తగిలించి, బాక్సు సొంత వైఫైని ఆఫ్ చేయించండి. ఆఫ్ చేయకపోతే పాత వైఫై పేరు ఇంట్లో అలాగే వస్తుంటుంది, పాస్‌వర్డ్ పిల్లలకు తెలిసే ఉంటుంది.

రూటర్ వెనక చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. సూదితో నొక్కితే మీరు చేసిందంతా పోతుంది. రూటర్‌ను చేయందని ఎత్తులో బిగించండి, సెట్టింగ్స్ ఫొటోలు దాచుకోండి.

## 6. స్కూలు కంప్యూటర్ ల్యాబు

ఇరవై ముప్పై కంప్యూటర్లున్న ల్యాబుకు ఖరీదైన ఫిల్టర్ పెట్టె కొనిపించాలని చూసేవాళ్లుంటారు. ఆ డబ్బు పెట్టే ముందు ఈ నాలుగు పనులు చేసి చూడండి. మన టౌన్లలో చాలా స్కూళ్లకు ఇవే సరిపోతాయి.

ఒకటి, పిల్లలకు అడ్మిన్ అకౌంటు ఇవ్వొద్దు. ప్రతి విండోస్ కంప్యూటరులో కంప్యూటర్ సార్‌కు అడ్మిన్, పిల్లలకు స్టాండర్డ్ యూజర్. ఇది లేకపోతే డీఎన్ఎస్‌ను ఏ పిల్లాడైనా కంప్యూటరులోనే మార్చేస్తాడు.

రెండు, ఆఫీసు నెట్‌ను, ల్యాబు నెట్‌ను వేరు చేయండి. ఒకే కనెక్షన్ అయినా రెండు రూటర్లతో వేరు చేయొచ్చు. హెచ్.ఎం. గదిలో డిపార్ట్‌మెంట్ సైట్లో వివరాలు ఎక్కిస్తున్నప్పుడు ల్యాబు ఫిల్టర్ అడ్డొస్తే, మర్నాడే ఫిల్టర్ మొత్తం తీసేయమంటారు.

మూడు, బ్రౌజర్ పాలసీలు. క్రోమ్‌కు, ఎడ్జ్‌కు విండోస్ పాలసీల ద్వారా ఇవి పెట్టండి:

- ☐ ఇన్‌కాగ్నిటో బంద్
- ☐ సేఫ్‌సెర్చ్ తప్పనిసరి
- ☐ బ్రౌజర్ సొంత సెక్యూర్ డీఎన్ఎస్ ఆఫ్
- ☐ ఎక్స్‌టెన్షన్లు వేసుకోవడం బంద్
- ☐ యూట్యూబ్ రెస్ట్రిక్టెడ్ మోడ్ మోడరేట్‌లో

మూడో గడిని వదిలేయొద్దు. క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్ఎస్‌ను వేరే కంపెనీకి మార్చేస్తే రూటర్‌లో ఏం పెట్టినా దాన్ని పట్టించుకోదు. యూట్యూబ్‌ను స్ట్రిక్ట్‌లో పెడితే పాఠాల వీడియోలు కూడా కొన్ని మాయమవుతాయి, అందుకే మోడరేట్ చెప్పాను.

నాలుగు, ల్యాబు రూటర్‌లో ఫ్యామిలీ డీఎన్ఎస్. రూటర్‌లో ఫైర్‌వాల్ ఎంపిక ఉంటే మీ ఫిల్టర్ నంబర్లకు తప్ప బయటి 53, 853 పోర్టులకు (డీఎన్ఎస్ ప్రశ్నలు బయటికి వెళ్లే దారుల నంబర్లు) దారి మూసేయండి. అప్పుడు ఎవరైనా వేరే డీఎన్ఎస్ పెట్టుకున్నా నెట్ రాదు.

ఇంకా పట్టు కావాలంటే పాత కంప్యూటరు ఒకటి తీసుకుని ఆడ్‌గార్డ్ హోమ్ అనే డీఎన్ఎస్ ఫిల్టర్ ప్రోగ్రాం వేయొచ్చు, ఉచితం. ఎవరు ఏ సైటు అడిగారో కనబడుతుంది, సేఫ్‌సెర్చ్‌కు ఒక్క టిక్కు చాలు. కాకపోతే ఆ కంప్యూటరు ఆగితే ల్యాబు నెట్ ఆగుతుంది. యూపీఎస్ తప్పనిసరి, కరెంటు వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యేలా బయోస్‌లో పెట్టాలి. బ్యాకప్‌గా 1.1.1.3 పెట్టుకోండి, 8.8.8.8 కాదు.

పరీక్షల సమయంలో అనుమతించిన సైట్లే తెరుచుకునేలా చేస్తే ఒక ఇబ్బంది వస్తుంది. ప్రభుత్వ పాఠాల సైటు దీక్షను అనుమతిస్తారు, పేజీ వస్తుంది కానీ బొమ్మలు రావు, వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఒక పేజీ తన బొమ్మలను, అక్షరాలను, వీడియోలను వేరే పేర్ల నుంచి తెచ్చుకుంటుంది. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఎర్రగా కనబడే పేర్లు చూసి వాటిలో అవసరమైనవి జాబితాలో చేర్చండి. ఇది పరీక్ష రోజు ఉదయం చేసే పని కాదు, వారం ముందే చేయాలి.

తప్పుగా ఆగినవాటికి ఒక దారి ఉంచండి. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. ఆడపిల్లలు నెలసరి గురించి వెతుకుతారు, రొమ్ము క్యాన్సర్ గురించి ప్రాజెక్టు రాస్తారు. కటువైన ఫిల్టర్ ఇవన్నీ ఆపే ప్రమాదం ఉంది. ల్యాబులో ఒక పుస్తకం పెట్టండి: సైటు పేరు, ఏ పాఠానికి, ఎవరు అడిగారు, ఎప్పటిదాకా తెరవాలి. అడిగిన రోజే తేల్చండి. అడిగినందుకు పిల్లను అనుమానంగా చూడొద్దు.

హెచ్‌టీటీపీఎస్ (సైటుకు, బ్రౌజర్‌కు మధ్య రహస్యంగా సాగే సమాచారం) లోపలికి కూడా తొంగి చూసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వస్తారు. దానికి ప్రతి కంప్యూటరులో ప్రత్యేక సర్టిఫికెట్ వేయాలి. అది సరిగ్గా కుదరకపోతే హెచ్చరికలు వస్తుంటాయి, పిల్లలు వాటిని దాటేసి వెళ్లడం అలవాటు చేసుకుంటారు. టీచర్లు అదే కంప్యూటరులో బ్యాంకు తెరిస్తే ఇంకా ప్రమాదం. దాన్ని చూసుకునే నిపుణుడు స్కూల్లోనే ఉంటే తప్ప వద్దు.

పిల్లలు చూసినవన్నీ రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఇంకో సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి గురించి చెబుతుంది. అడ్మిషన్ ఫారంతో పాటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

## 7. ఆఫీసు, షాపు, మిల్లు

ప్రొద్దుటూరు నగల షాపైనా, ఆదోని జిన్నింగ్ మిల్లైనా, అనంతపురంలో ఆడిటర్ ఆఫీసైనా అసలు అపాయం సిబ్బంది సినిమా చూడటం కాదు. అకౌంట్స్ కంప్యూటరులో ఒక నకిలీ ఇన్‌వాయిస్ లింకు తెరవడం. అందుకే ఇక్కడ ముందు ఆపాల్సినవి వైరస్, నకిలీ సైట్లు, ఆ తర్వాత బెట్టింగ్. ఫేస్‌బుక్ చివర్లో చూసుకోవచ్చు.

- ☐ బ్యాంకు, జీఎస్‌టీ పనికి ఒక కంప్యూటరు విడిగా పెట్టి, అందులో అనుమతించిన సైట్లే తెరుచుకునేలా చేయండి: జీఎస్‌టీ, ఈ-వే బిల్, ఆదాయపు పన్ను, మీ బ్యాంకులు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు.
- ☐ కస్టమర్లకు గెస్ట్ వైఫై వేరుగా ఉండాలి. బిల్లింగ్ కంప్యూటరు, సీసీ కెమెరాలు దాంట్లో ఉండకూడదు.
- ☐ ఏం ఆపుతున్నారు, ఏం రికార్డవుతుంది అన్నది ఒక పేజీ తెలుగులో రాసి సిబ్బందితో సంతకం చేయించండి.
- ☐ రికార్డులు ఎన్ని రోజులు ఉంచుతారో ముందే నిర్ణయించి, గడువు దాటినవి తీసేయండి.

కొత్త ఫిల్టర్ ఎప్పుడు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. నెలనెలా దాఖలు చేసేవారికి 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ. ఆ రోజుల్లో పోర్టల్ తెరుచుకోకపోతే తప్పు ఫిల్టర్‌దో, పోర్టల్‌దో తేల్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు. 25 దాటాక పెట్టండి. డిజిటల్ సంతకంతో ఒకసారి లాగిన్ అయ్యేదాకా పరీక్షించి, అప్పుడు వదలండి.

నెట్ సెంటర్ నడిపేవారికి 2011 సైబర్ కెఫే నిబంధనలు ఉన్నాయి. గుర్తింపు కార్డు చూడటం, రికార్డు ఏడాది ఉంచడంతో పాటు అశ్లీల సైట్లను ఆపే సాఫ్ట్‌వేర్ గురించి కూడా వాటిలో ఉంది.

## 8. పరీక్షించడం

ఈ భాగం దాటేసేవాళ్లే ఎక్కువ. అసలు చెడ్డ సైట్లు తెరిచి చూడక్కర్లేదు. పరీక్ష కోసమే పెట్టిన పేర్లున్నాయి. క్లౌడ్‌ఫ్లేర్‌కు న్యూడిటీ, చుక్క, టెస్ట్‌కేటగిరీ, చుక్క, కామ్. ఓపెన్‌డీఎన్ఎస్‌కు ఎగ్జాంపుల్‌అడల్ట్‌సైట్, చుక్క, కామ్. ఫిల్టర్ పనిచేస్తుంటే మొదటిది తెరుచుకోదు, రెండోదానికి బ్లాక్ అయిందన్న పేజీ వస్తుంది.

ప్రతి ఫోన్‌లో ఈ వరుసలో చూడండి:

1. వైఫై మీద, మామూలు బ్రౌజర్‌లో.
2. వైఫై ఆపి, సిమ్ డేటా మీద.
3. రెండో సిమ్ ఉంటే దాని మీద.
4. ఇన్‌కాగ్నిటోలో.
5. ఫోన్ కంపెనీ బ్రౌజర్‌లో.
6. వాట్సాప్‌లో లింకు పంపి, దాన్ని నొక్కి.
7. స్మార్ట్ టీవీ బ్రౌజర్‌లో.

తర్వాత తెరుచుకోవాల్సినవి తెరుచుకుంటున్నాయా చూడండి: దీక్ష, పదో తరగతి ఫలితాల సైటు, ఫోన్‌పే, బ్యాంకు యాప్, ఆధార్ సైటు.

ఫోన్ అప్‌డేట్ అయినప్పుడు, రూటర్ మార్చినప్పుడు, ఆపరేటర్ వచ్చి రిపేరు చేసి వెళ్లినప్పుడు ఇదంతా మళ్లీ చేయాలి. ఆపరేటర్ రీసెట్ చేస్తే డీఎన్ఎస్ పాతదానికి వెళ్లిపోతుంది, ఎవరికీ తెలియదు.

## 9. ఇబ్బందులు, వాటి మందులు

ఫోన్‌లో నెట్ మొత్తం ఆగిపోయింది, "ప్రైవేట్ డీఎన్ఎస్ సర్వర్ అందడం లేదు" అంటోంది. ముందు పేరులో అక్షరం తప్పు చూడండి. పేరు సరిగ్గా ఉంటే ఆ వైఫై 853 పోర్టును ఆపుతుండొచ్చు. కాలేజీ, ఆసుపత్రి, రైల్వే స్టేషన్ వైఫైల్లో లాగిన్ పేజీ రాకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టి, లాగిన్ అయ్యాక తిరిగి మార్చండి.

రూటర్‌లో మార్చినా ఒక్క ఫోన్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి. ఆ ఫోన్‌లో వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్, బ్రౌజర్ సెక్యూర్ డీఎన్ఎస్, ఐపీవీ6, ఈ నాలుగు వరుసగా చూడండి. సాధారణంగా వీటిలో ఒకటే.

రూటర్‌లో ఫలానా ఫోన్‌కు టైము పెట్టాను, పనిచేయడం లేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో నకిలీ మ్యాక్ అడ్రసు (రూటర్ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి. ఆ వైఫై సెట్టింగ్‌లో డివైస్ మ్యాక్ ఎంచుకుని, రూటర్‌లో మళ్లీ నమోదు చేయండి.

ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ పెట్టాక క్రోమ్ తెరుచుకోవడం లేదు. అది తప్పు కాదు. ఆ వెబ్ ఫిల్టర్ ఎడ్జ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి మిగతా బ్రౌజర్లను ఆపుతుంది.

## 10. అయినా ఏదో ఒకటి కంటపడితే

పిల్ల వచ్చి చెప్పిందంటే మొదట ఫోన్ లాక్కోవద్దు. కూర్చోబెట్టి ఎక్కడ వచ్చింది, ఏ యాప్, ఎవరు పంపారు అని మెల్లగా అడగండి. ప్రకటనగా వచ్చిందా, గ్రూపులో వచ్చిందా, తెలియనివాళ్లు పంపారా అన్నదాన్ని బట్టి పని మారుతుంది.

ప్రకటనైతే ఆ సైటు పేరు బ్లాక్ జాబితాలో చేర్చండి. గ్రూపైతే అందులోంచి బయటికి తెచ్చి, ఎవరెవరు గ్రూపుల్లో చేర్చవచ్చో వాట్సాప్ ప్రైవసీలో మార్చండి. తెలియని మనిషి పంపి బెదిరిస్తుంటే ఏదీ డిలీట్ చేయొద్దు, డబ్బు పంపొద్దు. ఆ నంబరు, ప్రొఫైల్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పిల్లలవే అసభ్య ఫొటోలు ఉంటే వాటిని సాక్ష్యమని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, ఫోన్‌ను అలాగే పోలీసులకు చూపించండి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు, ఆడవాళ్లపై నేరమైతే కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇచ్చే వీలుంది. బిడ్డకు ధైర్యం చెప్పే మనిషి కావాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఈ మూడూ డైరీలో రూటర్ పాస్‌వర్డ్ పక్కనే రాసి పెట్టుకోండి.